గుర్రపు స్వారీకి తెలుగు చాలుతుందా?

నిత్యావసరాల ధరలు పెరిగితే వాటికి కళ్లెం వేయాలని పత్రికలు రాస్తాయి. పార్టీ పగ్గాలు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి మారతాయి. యువత కదం తొక్కుతుంది. రెండు వైపులా ఉండాలని చూసే నాయకుడిది జోడు గుర్రాల స్వారీ. గుంటూరు, తెనాలి, చీరాల వీధుల్లో జట్కా కనుమరుగై దశాబ్దాలు గడిచాయి. పల్నాడు పల్లెల్లో గుర్రం మీద వచ్చే మనిషి కనిపించడు. ఆ సామాను మాటలు మాత్రం రోజూ అచ్చులో కనిపిస్తూనే ఉన్నాయి.

అయితే అలంకారంగా వాడుకోవడం వేరు, పనికి వాడుకోవడం వేరు. స్వారీ నేర్చుకునే పిల్లకు పాఠం మొత్తం తెలుగులో చెప్పగలమా? ఇంగ్లీషు శిక్షకుడు చెప్పే వాక్, ట్రాట్, కాంటర్, గాలప్‌లకూ బిట్, బ్రైడిల్, గర్త్‌లకూ మన దగ్గర సరైన మాటలున్నాయా? ఉంటే ఎక్కడున్నాయి, లేకపోతే ఎందుకు లేవు? తెలుగు గుర్రపు పదజాలాన్ని పొరలు పొరలుగా విప్పి చూస్తే గుంటూరు, ప్రకాశం నేల చరిత్ర కూడా బయటపడుతుంది.

అన్నిటికంటే పాత పొర రాజులది, యజ్ఞాలది. విజయపురి ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం చేసినట్టు నాగార్జునకొండ శాసనాలు చెబుతాయి. సిద్ధార్థుడు కంథకం అనే గుర్రమెక్కి ఇల్లు విడిచి వెళ్లే ఘట్టాన్ని అమరావతి శిల్పులూ నాగార్జునకొండ శిల్పులూ మళ్లీ మళ్లీ చెక్కారు. ఈ పొరలోని మాటలు సంస్కృతానివి: అశ్వం, హయం, తురగం, వాజి, ఘోటకం. గుర్రం నడకలు ఐదని అమరకోశం లెక్కపెట్టింది. ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం వాటి పేర్లు. తెలుగు కవులు ఈ పంచధారలను కావ్యాల్లోకి తెచ్చుకున్నారు. మనుమంచి భట్టు హయలక్షణవిలాసం అని గుర్రాల లక్షణాల మీద తెలుగులో ఏకంగా ఒక కావ్యమే రాశాడు. అంటే శాస్త్రం తెలుగులోకి వచ్చింది. లాయంలో పనిచేసేవాడి నోట ఆ సంస్కృత నడకల పేర్లు స్థిరపడ్డ జాడలు మాత్రం నేటి వాడుకలో లేవు.

సంస్కృతం కూడా ఈ విషయంలో తన కాళ్ల మీదే నిలబడలేదు. పన్నెండో శతాబ్దపు హేమచంద్రుడు తన కోశంలో గుర్రాల రంగులకు కోకాహం, ఖొంగాహం, సేరాహం, బోరుఖానం వంటి పేర్లిచ్చాడు. వాటిలో సంస్కృత ధాతువు వెతికితే దొరకదు. పడమటి దేశాల గుర్రాలతో, వాటిని అమ్మవచ్చిన వర్తకులతో దిగుమతైన మాటలవి. గుర్రం ఎక్కడి నుంచి వస్తే మాట కూడా అక్కడి నుంచే రావడం అప్పటికే మొదలైంది.

మన తీరంలో ఆ దిగుమతికి సాక్ష్యం మోటుపల్లి చుట్టూ దొరుకుతుంది. నేటి బాపట్ల జిల్లా చినగంజాం దగ్గరి ఈ రేవులో కాకతీయ గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు. తర్వాత కొండవీటి రెడ్డి రాజుల కాలంలో కుమారగిరి రెడ్డికి సుగంధ ద్రవ్యాలు సమకూర్చిన వర్తకుడు అవచి తిప్పయ్య సెట్టి. శ్రీనాథుడు హరవిలాసాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఆ సెట్టి ఏ దేశం నుంచి ఏ సరుకు తెప్పించేవాడో చెబుతూ హురుముంజి గుర్రాలను కూడా లెక్కలో చేర్చాడు. హురుముంజి అంటే పారశీక సింధుశాఖ దగ్గరి హోర్ముజ్. అక్కడి మేలుజాతి గుర్రానికి కవి వాడిన తేజి అనే మాట, అరబ్బు గుర్రానికి పారశీకులు పెట్టిన తాజీ అనే పేరు నుంచి వచ్చింది. కొండవీటి రాజ్యంలో సరుకు, దాని పేరు కలిసి రేవు దాటిన సందర్భమిది.

ఈ కాలంలోనే మనుషుల పేర్లూ స్థిరపడ్డాయి. కాకతీయుల శాసనాల్లో సాహిణి అనే బిరుదు కనిపిస్తుంది. అశ్వబలానికో గజబలానికో అధికారి అని దాని అర్థం. రాజపుత్ర శబ్దం నలిగి రావుతు, రౌతు అయింది. గుర్రమెక్కిన యోధుడు అనే అర్థం దానికి తెలుగులోనూ బలపడింది. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందనే సామెత ఇప్పటికీ వాడుకలో ఉంది. గుర్రం అనే ఇంటిపేరైతే గుంటూరు నేలకు కొత్త కాదు. 1895లో వినుకొండలో పుట్టిన కవి జాషువా ఇంటిపేరు అదే.

విజయనగర కాలానికి దిగుమతి మరీ పెరిగింది. రాజు ఏటా హోర్ముజ్ గుర్రాలూ దేశవాళీ గుర్రాలూ కలిపి 13,000 కొంటాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసిపెట్టాడు. ఇన్ని కొనడం ఎందుకంటే దక్షిణాది వేడికీ మేతకూ మేలుజాతి గుర్రం తట్టుకోలేదు, మంచి పిల్లల్నీ ఇవ్వలేదు. చచ్చినవాటి స్థానంలో ఏటా కొత్తవి రావాల్సిందే. అసలు విషయం ఇక్కడే ఉంది. గుర్రం ఇక్కడ కోటలోనే ఉండిపోయింది. కొనగలిగినవాడు రాజు, ఎక్కినవాడు రౌతు, వర్ణించినవాడు కవి. పొలం దున్నే రైతు ఇంట గుర్రం కట్టెయ్యలేదు. అందుకే గుర్రపు మాటలు కోటతో పెరిగాయి, కోట కూలినప్పుడు చాలావరకు నిఘంటువుల్లోకి వెళ్లిపోయాయి.

నిఘంటువుల్లోకి వెళ్లినవాటిలో అచ్చ తెనుగు ఆణిముత్యాలున్నాయి. జీనుకు రెండు పక్కలా వేలాడే, పాదం మోపుకునే ఇనుప మెట్టును అంకవన్నె అన్నారు. పగ్గాలు వాగెలు. యుద్ధంలో గుర్రానికి తొడిగే కవచం పక్కెర. గుర్రం ఎగిరి దూకితే చౌకళించడం. వాడుకలో మిగిలినవీ తక్కువ కాదు: కళ్లెం, జూలు, గిట్ట, డెక్క, సకిలింపు, లాయం. నాలుగు కాళ్లూ ముఖమూ తెల్లగా ఉన్న గుర్రం పంచకల్యాణి అని ఇప్పటికీ పెద్దవాళ్లకు తెలుసు.

తర్వాతి పొర బహమనీ, గోల్కొండ, మొగలు, మరాఠా, నిజాం సైన్యాలది. జీను, రికాబు, లగాము, స్వారీ, చాబుకు, దాణా, మాలీసు, సాయీసు అన్నీ ఇలా వచ్చినవే. జీను వచ్చాక సంస్కృత పల్యాణం కావ్యానికే పరిమితమైంది. రికాబు వచ్చి అంకవన్నెను పక్కకు నెట్టింది. లగాము మాత్రం కళ్లెం మీద గెలవలేకపోయింది. చాబుకును కొరడా, చెర్నాకోల నిలువరించాయి. సొంత గుర్రంతో కొలువులో చేరేవాడు శిలేదారు, సర్కారు గుర్రమెక్కేవాడు బారుగీరు, గుర్రాన్ని మచ్చిక చేసి నడక నేర్పేవాడు చాబుకుస్వారు. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చువేసిన సి.పి. బ్రౌన్ ఇలాంటి అన్యదేశ్యాల కోసం విడిగా ఇంకో నిఘంటువు తయారుచేశాడు. అప్పటి కచేరీల్లో, దండుల్లో అవి ఎంతగా పాకాయో దీన్నిబట్టి తెలుస్తుంది.

స్వారీ అనే మాట మన పల్లెల్లో ఇంకో దారి పట్టింది. గుర్రమెక్కడంతో పాటు, ఆడవాళ్లూ పెద్దవాళ్లూ ఊరికి వెళ్లే గూడు బండిని సవారీ బండి అన్నారు. దానికి కట్టేది ఎద్దుల్ని. పారశీక రౌతు మాటను గుంటూరు రైతు ఎద్దుల బండికి తగిలించుకున్నాడు.

ఆ తర్వాత గుర్రం మామూలు మనుషుల మధ్యకు వచ్చింది జట్కాతోనే. రైలు దిగినవాళ్లను ఊళ్లోకి చేర్చడం, పెళ్లివారిని మోయడం, బడి పిల్లల్ని దించడం దాని పని. తోలేవాళ్లలో ఉర్దూ మాట్లాడే ముస్లింలు చాలామంది. అందుకే జట్కా భాషలో రెండు నుడులూ కలిశాయి. గుర్రానికి ఉలవల దాణా, ఒంటికి మాలీసు, కాళ్లకు లాడాలు లేదా నాడాలు, పక్క చూపు పోకుండా కళ్లకు గంతలు. బండికి మాత్రం నొగలు, ఇరుసు, ఆకులు, చీల. ఈ రెండో వరుసంతా ఎద్దుల బండి దగ్గర్నుంచి తెచ్చుకున్నదే. రెండు చక్రాల బండి కాబట్టి బరువు వెనక్కి పడితే నొగలు లేస్తాయి, ముందుకు పడితే గుర్రం వీపు మీద భారం పడుతుంది. ఎక్కినవాళ్లను ముందుకో వెనక్కో జరిపి బండిని తూకంలో పెట్టడం తోలేవాడి విద్య. ఇది బండి తోలే పదజాలం, వీపు మీద కూర్చుని స్వారీ చేసే పదజాలం కాదు. తెలుగులో గుర్రపు మాటలకు చివరి బడి జట్కా కావడంతో తోలడానికి మాటలు నిలిచాయి, స్వారీకి సన్నగిల్లాయి.

చివరి పొర ఇంగ్లీషుది. హైదరాబాదులో గుర్రపు పందేలు 1868లో మౌలాలీలో మొదలై 1886లో మలక్‌పేటకు మారాయి. అక్కణ్ణుంచి రేసు, జాకీ, డెర్బీ, ట్రైనర్ తెలుగు పత్రికల్లోకి వచ్చాయి. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో భారత జట్టు డ్రెస్సేజ్‌లో స్వర్ణం గెలిచింది. ఈ క్రీడలో 41 ఏళ్ల తర్వాత వచ్చిన స్వర్ణం కావడంతో ఈక్వెస్ట్రియన్, డ్రెస్సేజ్ అనే మాటలు క్రీడా పేజీలకెక్కాయి.

ఇప్పుడు పాఠాన్ని పరీక్షకు పెట్టి చూడవచ్చు. ఎక్కడం, దిగడం, జీను, రికాబు, పగ్గాలు, కొరడా, నాడా, లాయం: వీటికి ఇబ్బంది లేదు. తలకట్టు దగ్గర చిక్కు మొదలవుతుంది. నోట్లో ఉండే ఇనుప కడ్డీ ఇంగ్లీషులో బిట్, తలకు తొడిగే మొత్తం కట్టు బ్రైడిల్. తెలుగులో రెండూ కళ్లెమే. కడుపు కింద జీనును బిగించే పట్టీ గర్త్. ఉర్దూలో అది తంగ్, తెలుగులో కడుపు పట్టీ అని విడమరచి చెప్పాలి.

నడకల దగ్గర లోటు బాగా కనిపిస్తుంది. వాక్‌లో నాలుగు గిట్టలూ ఒకదాని తర్వాత ఒకటి పడతాయి. ట్రాట్‌లో ఎదురు మూలల కాళ్లు జంటగా పడతాయి కాబట్టి రెండు దెబ్బలే వినిపిస్తాయి. కాంటర్‌కు మూడు దెబ్బలు. గాలప్‌లో మళ్లీ నాలుగు, కాకపోతే మహా వేగంగా. తెలుగులో నడక ఉంది, దౌడు ఉంది. ఈ రెండింటి మధ్య ఉన్న రెండింటికీ నేడు ఎవరూ పలికే మాట లేదు. ట్రాట్‌లో ఒక దెబ్బకు రౌతు జీను మీంచి లేచి మరుసటి దెబ్బకు కూర్చునే పద్ధతి, కాళ్లతోనూ చేతితోనూ ఒంటి బరువుతోనూ గుర్రానికి ఇచ్చే సైగలు, పొడవాటి తాడు పట్టి చుట్టూ తిప్పే సాధన: వీటికి వివరణలు చెప్పగలం, పేర్లు చెప్పలేం.

పోలికకు లిథువేనియా వైపు చూస్తే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. గుర్రమెక్కిన యోధుడే ఆ దేశపు రాజచిహ్నం. అక్కడ స్వారీ గుర్రం ఝిర్గాస్, దున్నే గుర్రం ఆర్క్‌లీస్. ఆర్క్‌లీస్ అనే పేరు దున్నడం అనే క్రియ నుంచే పుట్టింది. గుర్రం మీద వెళ్లడానికి యోతి, బండి మీద వెళ్లడానికి వేరే క్రియ. నోటి కడ్డీకి ఝాస్లాయ్, తలకట్టుకు కామానోస్ అని విడివిడి పేర్లు. స్వారీ పగ్గాలకూ బండి పగ్గాలకూ కూడా పేర్లు వేరు. ఎర్రగోధుమ గుర్రం బేరిస్, బూడిద రంగుది షిర్మిస్. జారు ప్రభుత్వం 1860ల నుంచి 1904 దాకా లాటిన్ లిపిలో ఆ భాష అచ్చును నిషేధించినా ఈ మాటలు చెక్కుచెదరలేదు. ఎందుకంటే అవి రైతు ఇంటి మాటలు. పుస్తకం ఆగిపోయినా పొద్దున్నే గుర్రాన్ని నాగలికి కట్టాలి, రంగును బట్టి పిలవాలి, పగ్గం పట్టాలి.

మన దగ్గర ఆ స్థానం ఎద్దుది. అందువల్ల తెలుగులో స్వారీ మాటల కోసం వెతికేవాళ్లు గుర్రపుశాల దగ్గరే ఆగిపోకూడదు, ఎద్దుల కొట్టంలోకి కూడా వెళ్లాలి. ఒంగోలు గిత్త పుట్టిన నేల ఇది. ఆ జాతి బ్రెజిల్ చేరి నెల్లూరు పేరు మీద నెలోర్ అయింది. గుంటూరు దగ్గరి లాం పశు పరిశోధన కేంద్రం ఆ జాతిని కాపాడే పనిలో ఉంది. పశువుతో కలిసి పనిచేయడానికి అవసరమైన ప్రతి చిన్న తేడాకూ ఇక్కడి రైతు దగ్గర మాట ఉంది.

కాడికి ఎడమవైపు ఎద్దు దాపటిది, కుడివైపుది వలపటిది. ఇంగ్లీషు రౌతులు కూడా గుర్రానికి కుడి, ఎడమ అనరు. ఎడమను నియర్ సైడ్ అంటారు, కుడిని ఆఫ్ సైడ్ అంటారు. నియర్ అంటే దగ్గర. తెలుగులో దాపు అన్నా దగ్గరే. గుర్రాన్ని ఎడమవైపు నుంచి ఎక్కుతారు, ఎడమ పక్కనే నడిపిస్తారు. ఇంతకంటే అతికినట్టుండే జత దొరకడం కష్టం. దాపల నుంచి ఎక్కమని చెబితే గుంటూరు పల్లె పిల్లకు వేరే వివరణ అక్కర్లేదు.

వయసు సంగతీ అంతే. గుర్రం వయసు పళ్లు చూసి చెబుతారు. ఇక్కడ సంక్రాంతికీ శివరాత్రికీ జరిగే బండలాగుడు పోటీల్లో విభాగాలే పళ్లను బట్టి ఉంటాయి: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు. నిర్ణీత నిమిషాల్లో బండను ఎన్ని అడుగులు లాగాయో కొలిచి గెలుపు తేలుస్తారు. పోటీకి ముందు నోరు తెరిచి పళ్లు చూసే మనిషికి గుర్రం పళ్లు చూడటం నేర్పడం తేలికే. ఒంటి మీది సుడులు చూసి కొనే అలవాటు కూడా గుర్రానికీ ఎద్దుకూ ఉమ్మడిది.

రంగుల్లోనూ కొట్టం నుంచి ఆదుకునే మాటలున్నాయి. నల్లది కర్రి, గోధుమెరుపుది పుల్ల, బూడిద చాయది మైల, మచ్చలది పొడ, తెల్ల ముఖానిది బొల్లి. మెడ మొదట్లో భుజాల మధ్య లేచి ఉండే భాగం దాకా గుర్రం ఎత్తు కొలుస్తారు. ఇంగ్లీషులో దాని పేరు విదర్స్. రైతు మాటలో అది మూపు. గొంతుతో హుషారు చేయడం అదిలింపు. నోటికి తొడిగేది చిక్కం, కట్టేసే తాడు పలుపు, మెడకు పట్టెడ. స్వారీ పాఠానికి ఇవన్నీ నేరుగా పనికొస్తాయి.

ఈ సంపదను పోగుచేసే పద్ధతి కూడా మనకు తెలియనిది కాదు. ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వ్యవసాయ వృత్తిపదకోశాన్ని ప్రచురించింది. పండితుల ఇళ్లలో కూర్చోకుండా పల్లెలకు వెళ్లి, రైతుల్ని అడిగి, ఏ మాట ఏ ప్రాంతంలో ఎలా పలుకుతారో రాసుకుని చేసిన పని అది. 1971లో చేనేత మీద రెండో సంపుటం వచ్చింది. నాగలి భాగాలకూ మగ్గం భాగాలకూ దక్కిన ఆ గౌరవం జట్కా బండికీ, లాడం కొట్టే పనికీ కూడా దక్కాలి.

అరువు మాటలంటే భయపడాల్సిన పని లేదు. ఇంగ్లీషు స్వారీ భాష కూడా అరువు మీదే నడిచింది. డ్రెస్సేజ్, పియాఫ్ ఫ్రెంచివి. రౌతులు తొడిగే జోధ్‌పూర్స్ మన రాజస్థాన్ ఊరి పేరు. పోలో బాల్టీ భాషది. కాబట్టి డ్రెస్సేజ్‌ను డ్రెస్సేజ్‌గా, జాకీని జాకీగా ఉంచుకోవడంలో తప్పులేదు. పోటీల నిబంధనలు ప్రపంచమంతటా ఒకటే కనుక అక్కడ ఉమ్మడి పేరే మేలు. అశ్వచాలన క్రీడా ప్రావీణ్యం వంటి సమాసాలు కట్టడం వల్ల శిక్షకుడికీ లాభం లేదు, పిల్లకూ లాభం లేదు.

ఉన్నవాటిని వాడటం మొదటి పని. బిట్‌కు కళ్లెపు కడ్డీ, మొత్తానికి కళ్లెం. విదర్స్‌కు మూపు. నియర్, ఆఫ్‌లకు దాపల, వలపల. నడకల్లో వాక్‌కు నడక, గాలప్‌కు దౌడు. ట్రాట్‌కు ఉర్దూ రౌతుల దుల్కీ మనకు దగ్గరిదే, పలకడానికీ సులువే. కాంటర్ ప్రస్తుతానికి కాంటర్‌గానే ఉండవచ్చు. రికాబు జనానికి తెలుసు కాబట్టి పాఠంలో అదే వాడి, అంకవన్నెను పక్కనే పరిచయం చేస్తే పాత కావ్యం చదివే పిల్లలకు అడ్డు తొలగుతుంది.

రెండో పని ఆలస్యానికి ఆగదు. జట్కా తోలినవాళ్లలో బతికున్నవాళ్లు ముసలివాళ్లయ్యారు. గుంటూరు, తెనాలి, నరసరావుపేట, చీరాలల్లో వాళ్లను వెతికి, గుర్రాన్ని ఎలా అదిలించేవారో, జబ్బు చేస్తే ఏ పేరుతో చెప్పుకునేవారో, సామానులో ఒక్కో వారునూ ఏమనేవారో గొంతుతో సహా రికార్డు చేయాలి. ఎద్దులకు నాడాలు కొట్టేవాళ్లను, బండలాగుడు గిత్తల్ని పెంచేవాళ్లను, ఒకప్పుడు పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు పంపినవాళ్లను కూడా అడగాలి. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు, పశువైద్య కళాశాలలు కలిసి పూనుకుంటే ఒక చిన్న సంపుటానికి సరిపడా మాటలు ఈ రెండు పాత జిల్లాల నుంచే వస్తాయి. ఒక్కో మాట పక్కన బొమ్మ, పలికిన ఊరు, ఇంగ్లీషు సమానార్థకం వేస్తే స్వారీ నేర్పేవాళ్లు దాన్ని మర్నాటి నుంచే చేతబట్టి వాడుకోవచ్చు.